కార్తీక మాసంలో థాంక్స్‌గివింగ్ విందు: 14 మందికి, ఒకే ఓవెన్‌తో ఏమేమి వండాలి?

ప్రశ్న: ప్లేనో కోడలు (టెక్సాస్)

అందరికీ నమస్కారం. ఈ సంవత్సరం థాంక్స్‌గివింగ్ (అమెరికన్లు కృతజ్ఞతలు చెప్పుకునే పండుగ) విందు మా ఇంట్లో చేయాలని నిర్ణయించుకున్నాము. పండుగ నవంబరు 26, గురువారం నాడు, అంటే కార్తీక పౌర్ణమి వెళ్లిన వెంటనే వస్తోంది. తెనాలి నుండి మా అత్తగారు, మామగారు వచ్చి మా దగ్గరే ఉన్నారు. వారిద్దరూ గుడ్డు కూడా తినని శాకాహారులు. కార్తీక మాసమంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. నేనూ మా వారూ మామూలు రోజుల్లో మాంసం తింటాము గానీ ఈ నెలలో మానేస్తాము.

బల్ల దగ్గర మొత్తం 14 మందిమి ఉంటాము. మేము నలుగురం, అత్తగారు, మామగారు, మా ఆడపడుచు కుటుంబం నలుగురు, పక్కింటి అమెరికన్ దంపతులు, మా అమ్మాయి కాలేజీ నుండి వెంటబెట్టుకుని వస్తున్న స్నేహితురాలు, ఊళ్లో ఒంటరిగా ఉంటున్న మా వారి ఆఫీసు మిత్రుడు. వీరిలో మాంసం తినేవారు ఎనిమిది మంది. ఆడపడుచు చిన్న కొడుకుకు వేరుశనగ పడదు. దాని పొడి తగిలినా ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు టర్కీ (సీమకోడి), మాష్డ్ పొటాటో (మెదిపిన బంగాళదుంప), పంప్‌కిన్ పై (గుమ్మడి గుజ్జు నింపి కాల్చే తీపి వంటకం) లేకపోతే పండుగ చేసినట్లే ఉండదు. మా అత్తగారు పిల్లల సరదాకు అడ్డుచెప్పే మనిషి కారు. "వాళ్ల పండుగ వాళ్లను చేసుకోనివ్వు, నాకు కాస్త పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ ఉంటే చాలు" అని ముందే అనేశారు. ఆ మాటే నన్ను బాధపెడుతోంది. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తినే రోజున ఇంటికి పెద్దావిడ పెరుగన్నంతో సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని పూర్తిగా మన వంటలే చేసి పిల్లలను నిరాశపరచడమూ ఇష్టం లేదు.

ఇంట్లో ఓవెన్ ఒక్కటే ఉంది. టర్కీని నేను ఇంతవరకు వండలేదు. ఏ వంటలు ఎంచుకోవాలి, ఏవి ముందు రోజే చేసిపెట్టుకోవచ్చు, పెద్దవాళ్లకు ఇబ్బంది కలగకుండా టర్కీ ఎలా వండాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: ఎడిసన్ నివాసి (న్యూజెర్సీ)

టర్కీ సంగతి వరకు నేను చెప్పగలను. మా ఇంట ప్రతి సంవత్సరం దాని బాధ్యత నాదే.

మొదట బరువు. ఎముకలతో కలిపి మనిషికి ఒక పౌను నుండి ఒకటిన్నర పౌను వరకు లెక్క వేసుకుంటారు. ఎనిమిది మందికి, అదీ ఇన్ని ఇతర వంటకాల మధ్య, 12 పౌన్ల టర్కీ ధారాళంగా సరిపోతుంది. అంతకన్నా పెద్దది కొంటే ఉడకడానికి సమయం ఎక్కువ పడుతుంది. లోపల తొడ ఉడికేలోగా పైనున్న రొమ్ము భాగం ఎండిపోతుంది.

చాలామంది తేలికగా తీసుకునేది గడ్డ కరిగించే పని. ఫ్రీజర్‌లోని టర్కీని ఫ్రిజ్‌లో పెట్టి కరిగించడానికి ప్రతి నాలుగైదు పౌన్లకు ఒక రోజు పడుతుందని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఆ లెక్కన మీకు మూడు రోజులు కావాలి. శనివారం రాత్రి ఫ్రీజర్ నుండి తీసి, రసం కారినా ఇతర పదార్థాల మీద పడకుండా లోతైన ట్రేలో ఉంచి, ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. వంటగది గట్టు మీద వదిలేసి కరిగించడం మాత్రం వద్దు. లోపల ఇంకా మంచుగడ్డగా ఉండగానే పైభాగం బాక్టీరియా పెరిగేంత వెచ్చబడుతుంది. సమయం చాలకపోతే సంచితో సహా చల్లని నీటిలో ముంచి, ప్రతి అరగంటకు నీళ్లు మారుస్తూ, పౌనుకు అరగంట చొప్పున ఉంచాలి. అలా కరిగించినదాన్ని వెంటనే వండేయాలి.

కరిగిన తరువాత లోపలి రెండు ఖాళీలలోనూ చెయ్యి పెట్టి చూడండి. మెడ, కాలేయం వంటివి చిన్న సంచిలో కట్టి అక్కడ దాచి ఉంచుతారు. ఒక్కోసారి అవి రెండు చోట్లా ఉంటాయి. టర్కీని కుళాయి కింద కడగకండి. మనకు మాంసం కడగకుండా వండడం మనసొప్పదు కానీ, కడిగిన నీళ్లు చిమ్మి సింకు, గట్టు, పక్కనున్న పాత్రలు అన్నీ కలుషితమవుతాయి. శాకాహారుల వంట జరుగుతున్న ఇంట్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. కాగితపు తువ్వాలుతో తడి అద్దేస్తే చాలు.

ఉప్పు పట్టించేముందు లేబుల్ చదవండి. ఉప్పు ద్రావణం ఎక్కించిన టర్కీ అయితే మళ్లీ ఉప్పు రుద్దనక్కరలేదు. లేనిపక్షంలో ఐదు పౌన్లకు ఒక పెద్ద చెంచా చొప్పున కోషర్ ఉప్పు (గరుకైన గళ్ల ఉప్పు) చర్మం మీదా, చర్మం కిందా పట్టించి, మూత లేకుండా ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే మాంసం తడిగా ఉంటుంది, చర్మం కరకరలాడుతుంది.

మొత్తం పక్షిని అలాగే ఓవెన్‌లో పెడితే 325 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద మూడు గంటల పైమాటే. ఒకే ఓవెన్ ఉన్నవారికి అది పెద్ద ఇబ్బంది. అందుకే నేను వెన్నెముకను పెద్ద కత్తెరతో కత్తిరించి తీసేసి, రొమ్ము ఎముకను రెండు చేతులతో గట్టిగా నొక్కి, పక్షిని పుస్తకంలా తెరిచి ట్రేలో పరుస్తాను. 425 డిగ్రీల దగ్గర 12 పౌన్ల టర్కీ గంటన్నర లోపు ఉడుకుతుంది. గడియారాన్ని కాక థర్మామీటర్‌ను నమ్మండి. రొమ్ములో బాగా మందంగా ఉన్నచోట, తొడ లోపలి భాగంలో, ఎముకకు తగలకుండా గుచ్చి చూసినప్పుడు 165 డిగ్రీలు చూపాలి. బయటకు తీశాక కనీసం అరగంట కదపకుండా ఉంచి, ఆ తరువాత కోయండి.

మసాలా విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఆ రోజు టర్కీకి అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా పట్టించవద్దు. వెన్న, మిరియాలు, సేజ్, థైమ్ ఆకులు చాలు. పిల్లలు, పక్కింటివారు ఎదురుచూసే రుచి అదే. మన రుచి మరునాడు మిగిలిన మాంసంతో చూపించవచ్చు.

సమాధానం: గుంటూరు అమ్మమ్మ (అట్లాంటా)

అమ్మా, మీ అత్తగారి పెరుగన్నం మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా ఇంట్లోనూ మూడు తరాలు కలిసి ఈ పండుగ చేసుకుంటాము. వంటల పట్టికను టర్కీతో మొదలుపెట్టకుండా మీ అత్తగారి విస్తరితో మొదలుపెట్టండి. టర్కీ, దాని గ్రేవీ మినహా బల్ల మీద ఉన్న ప్రతిదీ ఆవిడ తినగలిగేదై ఉండాలి. అంటే ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు లేకుండా చేయాలి. అలా చేస్తే తగ్గేదేమీ లేదు. మాష్డ్ పొటాటోలో వెల్లుల్లి లేకపోయినందుకు పిల్లలెవరూ బాధపడరు. మంచి వెన్న ఉంటే చాలు. కొందరి ఇళ్లలో కార్తీకంలో కొన్ని కాయగూరలు, పప్పులు కూడా మానతారు, పుట్టగొడుగులు అసలే తినరు. అందుచేత కూరగాయలు కొనేముందు ఆవిడనే ఒక్కమాట అడగండి. గురువారం కాబట్టి సోమవారపు ఉపవాసం అడ్డురాదు.

ఈ పండుగకు ముడిపడిన పంటలన్నీ మన పులుపు, కారాలకు చక్కగా ఒదుగుతాయి. క్రాన్‌బెర్రీ అనే పుల్లని చిన్న ఎర్రపండు, తీపి గుమ్మడి, చిలగడదుంప, మొక్కజొన్న అమెరికా ఖండాల్లో పుట్టినవే. మన ఎండుమిరపకాయ కూడా అక్కడినుండే పోర్చుగీసువారి ఓడల్లో మన దేశానికి చేరింది. కాబట్టి క్రాన్‌బెర్రీ పచ్చడి ఈ బల్ల మీద పరాయిది కాదు.

ఆ పచ్చడి ఇలా చేయండి. 12 ఔన్సుల తాజా క్రాన్‌బెర్రీ సంచి ఒకటి తీసుకుని, మెత్తబడిన కాయలు ఏరేసి, కడిగి, బట్ట మీద తడి లేకుండా ఆరబెట్టాలి. రెండు చెంచాల నూనెలో అర చెంచా మెంతులు ఎర్రగా వేయించి, చెంచా ఆవాలు, పది పన్నెండు ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి దించి, చల్లారాక పొడి చేసుకోవాలి. మెంతులు నల్లబడితే పచ్చడంతా చేదెక్కుతుంది కనుక మంట సన్నగా ఉండాలి. అదే మూకుడులో మరికాస్త నూనె వేసి క్రాన్‌బెర్రీలు, పసుపు, ఉప్పు వేస్తే రెండు మూడు నిమిషాల్లో కాయలు టపటపమని పగలడం మొదలవుతుంది. సగం కాయలు పగిలి, సగం నిలిచి ఉన్నప్పుడే పొయ్యి కట్టేయండి. పూర్తిగా ఉడికితే జామ్ అయిపోతుంది. చల్లారాక పొడితో కలిపి ఒక్క తిప్పు తిప్పి, నిమ్మకాయంత బెల్లం చేర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టాలి. చింతపండు అక్కరలేదు, ఆ పండు పులుపే చాలు. మంగళవారం చేసి గాజు సీసాలో పెట్టుకుంటే గురువారానికి ఉప్పు, కారం కుదురుకుంటాయి. పక్కింటివారి కోసం తియ్యని సాస్ కూడా చేయండి. మరో సంచి క్రాన్‌బెర్రీలకు ఒక కప్పు చక్కెర, ఒక కప్పు నీళ్లు పోసి పది నిమిషాలు ఉడికిస్తే అయిపోతుంది. చల్లారితే అదే గట్టిపడుతుంది. మీ అత్తగారు అదీ తినవచ్చు.

విందుకు నడుమ నిలిచే శాకాహార వంటకం ఒకటి ఉండాలి. పక్క వంటలు ఎన్ని పెట్టినా అది లేకపోతే శాకాహారి భోజనం అసంపూర్ణంగానే ఉంటుంది. ఆ స్థానం గుమ్మడికాయ దప్పళానికి ఇవ్వండి. హాలోవీన్‌కు చెక్కే పెద్ద గుమ్మడికాయలు నీళ్లోడుతూ చప్పగా ఉంటాయి, కొనకండి. బటర్‌నట్ స్క్వాష్ గానీ, జపాన్‌వారి కబోచా గానీ మన గుమ్మడి రుచికి దగ్గరగా ఉంటాయి. పెద్ద ముక్కలు కోసి, చిలగడదుంప, సొరకాయ, బెండకాయ ముక్కలు చేర్చి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చితో ముప్పాతిక వంతు ఉడికించి, చిక్కటి చింతపండు పులుసు, బెల్లం వేయాలి. పులుసు మరిగాక రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్లలో జారుగా కలిపి పోస్తే చిక్కబడుతుంది. చివర ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, దండిగా కరివేపాకుతో పోపు. ముందు రోజు చేసిన దప్పళమే మరునాడు రుచిగా ఉంటుంది, కనుక బుధవారమే చేసేయండి. దానితో వేడి అన్నం, నెయ్యి.

బీన్స్‌ను పిల్లల కోసం క్యాసరోల్‌గా చేసేవారు ఉన్నారు. 1955లో న్యూజెర్సీలోని క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటశాలలో డోర్కస్ రైలీ రూపొందించిన వంటకం అది. అందులో పుట్టగొడుగుల సూప్, పైన వేయించిన ఉల్లి తప్పనిసరి. మీ ఇంట ఈసారి దాన్ని వదిలేసి, బీన్స్ సన్నగా తరిగి కొబ్బరి కూర చేయడం మంచిది. ఓవెన్‌లో ఒక చోటు కూడా మిగులుతుంది.

బంగాళదుంపలు ఐదారు పౌన్లు తీసుకోండి. చల్లటి ఉప్పు నీటిలో వేసి ఉడకబెట్టి, నీళ్లు వంపేశాక అదే గిన్నెలో రెండు నిమిషాలు ఆవిరి పోనివ్వండి. వెచ్చటి పాలు, వెన్న కలుపుతూ చేత్తో మెదపాలి. మిక్సీలో వేస్తే జిగురుగా సాగుతుంది. మన హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత వేస్తే రెండు గంటలైనా వేడి తగ్గదు.

పంప్‌కిన్ పైలో మామూలుగా రెండు గుడ్లు పడతాయి. 15 ఔన్సుల గుమ్మడి గుజ్జు డబ్బాకు గుడ్ల బదులు పావు కప్పు కార్న్‌స్టార్చ్, చిక్కటి కొబ్బరిపాలు వేస్తే చక్కగా గట్టిపడుతుంది. డబ్బా మీద పై ఫిల్లింగ్ అని ఉంటే అందులో చక్కెర, మసాలా ముందే కలిపి ఉంటాయి. మీరు కొనవలసింది ఒట్టి గుజ్జు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం పొడి వేస్తారు కనుక మీ అత్తగారికి ఆ వాసన కొత్తగా అనిపించదు. బుధవారం బేక్ చేసి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిమీద కోస్తే ముక్క నిలవదు.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మీ వైపు ఆ రోజుల్లో సాయంత్రం ఐదున్నరలోపే పొద్దు కుంకుతుంది. విందు మూడు గంటలకు పెట్టుకుంటే పెద్దవాళ్లు భోజనం చేసి, కాసేపు అందరితో కూర్చుని, కార్తీక దీపం వేళకు లేవగలుగుతారు. అమెరికన్ కుటుంబాల్లోనూ ఈ విందు మధ్యాహ్నమే చేయడం సాధారణం.

సమాధానం: హ్యూస్టన్ తండ్రి

మా పాపకూ వేరుశనగ పడదు కాబట్టి ఆ విషయమే రాస్తున్నాను. పులిహోరలో పల్లీలు వేయకపోవడం ఒక్కటే సరిపోదు. మన ఇళ్లలో పల్లి పచ్చడి, పల్లి పొడి నూరిన మిక్సీ జారు రబ్బరు రింగులో ఆ పొడి ఇరుక్కుని ఉంటుంది. క్రాన్‌బెర్రీ పచ్చడికి మెంతిపొడి కొట్టేముందు, పచ్చడి తిప్పేముందు జారు విడదీసి, రింగు ఊడదీసి, వేడి సబ్బునీళ్లతో కడగండి. వేరే జారు ఉంటే మరీ మంచిది. పోపుకు పల్లీ నూనె వాడవద్దు. నువ్వుల నూనె వాడదలిస్తే నువ్వులు పడతాయో లేదో బాబు తల్లిదండ్రులను అడగండి, ఎందుకంటే 2023 జనవరి నుండి అమెరికాలో నువ్వులను కూడా ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేర్చారు. జీడిపప్పు సంగతీ అడగడం మంచిది. బయట నూనెలో వేయించిన టర్కీ కొనే ఆలోచన ఉంటే జాగ్రత్త, దాన్ని చాలాచోట్ల పల్లీ నూనెలోనే వేయిస్తారు.

శాకాహారం విషయంలోనూ లేబుళ్లు చదవాలి. చిలగడదుంపల మీద వేసే మార్ష్‌మాలోలలో జంతువుల నుండి తీసిన జెలటిన్ ఉంటుంది. టర్కీతో పాటు తినే స్టఫింగ్ (మసాలా ఆకులు కలిపిన రొట్టె ముక్కల వంటకం) పొడి డబ్బాల్లో చాలావాటిలో చికెన్ రసం కలుపుతారు. దుకాణంలో దొరికే కొన్ని పై క్రస్టుల్లో పంది కొవ్వు ఉంటుంది. వెన్నతో గానీ కూరగాయల నూనెతో గానీ చేసినవి చూసి తీసుకోండి. వూస్టర్‌షైర్ సాస్‌లో చిన్న చేపలు ఉంటాయి. ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి లేని డబ్బా సరుకు అరుదు కాబట్టి, పెద్దవాళ్ల కోసం చేసేవి అన్నీ మొదటినుండి ఇంట్లో చేసుకోవడమే నిశ్చింత.

అతిథులు ఏమి తీసుకురమ్మంటారని తప్పక అడుగుతారు. పక్కింటివారికి స్టఫింగ్ అప్పగించండి. ప్రతి అమెరికన్ ఇంటికీ తనదైన స్టఫింగ్ పద్ధతి ఉంటుంది, వారు సంతోషంగా చేసి తెస్తారు. వేరుశనగ గురించి మాత్రం ముందే చెప్పాలి.

సమాధానం: ఫీనిక్స్ మిత్రుడు (అరిజోనా)

ఎడిసన్ నివాసి గారు చెప్పిన పద్ధతి బాగుంది కానీ, న్యూజెర్సీ నవంబరు చలికి ఓవెన్ తప్పదు. టెక్సాస్‌లో ఆ అవసరం లేదు. మీ పెరట్లో గ్యాస్ గ్రిల్ ఉంటే టర్కీని ఇంట్లోకే తేనక్కరలేదు. కార్తీక మాసంలో వంటగది శుద్ధిగా ఉంటుంది, ఓవెన్ మొత్తం శాకాహార వంటలకు మిగులుతుంది, ఓవెన్‌లో ముందు ఏది, తరువాత ఏది అన్న సమస్యే ఉండదు.

వెన్నెముక తీసి పరిచిన టర్కీని గ్రిల్ మీద ఒక పక్క ఉంచి, రెండో పక్క బర్నర్లు మాత్రమే వెలిగించాలి. మంట నేరుగా తగలకూడదు. కింద కొవ్వు కారడానికి అల్యూమినియం ట్రేలో కాసిని నీళ్లు పోసి పెట్టండి. మూత వేసి లోపల 350 డిగ్రీల దగ్గర వేడి నిలకడగా ఉంచితే గంటన్నర నుండి రెండు గంటల్లో అవుతుంది. మూత మాటిమాటికీ తెరిస్తే అరగంట ఆలస్యమవుతుంది. గ్యాస్ సిలిండర్ నిండుగా ఉందో లేదో ముందు రోజే చూసుకోండి. అందరూ ఆకలి మీద ఉండగా సగం వేగిన టర్కీతో దుకాణానికి పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

నూనెలో మొత్తం పక్షిని వేయించడం మాత్రం తలపెట్టవద్దు. పూర్తిగా కరగని టర్కీ వేడి నూనెలో పడితే నూనె పొంగి మంటలు లేస్తాయి. ప్రతి నవంబరులో అగ్నిమాపక శాఖలు ఈ విషయమే హెచ్చరిస్తుంటాయి.

టెక్సాస్ తెలుగువారి ఇళ్లలో చాలామందికి గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉంటుంది. మీకూ ఉంటే కరిగించడం, ఉప్పు పట్టించడం అంతా అక్కడే జరగవచ్చు. కోసే పలక, కత్తి, పళ్లెం వేరుగా పెట్టి, పెరటి బల్ల మీదే కోసి, లోపలికి కోసిన ముక్కలుగా తీసుకురండి.

ప్లేనో కోడలు (ప్రశ్న అడిగినవారు)

ఇంత వివరంగా రాసిన అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రాత్రి ఈ సమాధానాలన్నీ మా అత్తగారికి చదివి వినిపించాను. దప్పళం మాట రాగానే, "అది నేను చేస్తాను, నువ్వు ముక్కలు మాత్రం తరిగిపెట్టు" అన్నారు. కూరగాయల్లో ఆవిడకు అభ్యంతరం ఉన్నది ఏదీ లేదట. తన పుట్టింట్లో దప్పళంలో కాస్త వేయించిన ధనియాలు, మిరియాల పొడి కూడా వేసేవారని, అలాగే చేస్తానని చెప్పారు. పెరుగన్నం మాట మళ్లీ ఎత్తలేదు.

టర్కీ పెరట్లో గ్రిల్ మీదే అవుతుంది. మా ఆడపడుచు భర్త ఆ పని సంతోషంగా ఒప్పుకున్నారు. 12 పౌన్ల టర్కీని శనివారం రాత్రి గ్యారేజీ ఫ్రిజ్‌లోకి మారుస్తాము. పౌర్ణమి పూజ అయ్యేవరకు దాన్ని కదపకుండా, బుధవారం ఉదయం లేబుల్ చూసి ఉప్పు పట్టిస్తారు. మంగళవారం పచ్చడి, తియ్యని క్రాన్‌బెర్రీ సాస్. బుధవారం ఉదయం పై బేక్ చేసి, మధ్యాహ్నం అత్తగారు దప్పళం పెడతారు. గురువారం ఉదయం బీన్స్ కొబ్బరి కూర, పన్నెండు గంటలకు ఓవెన్‌లో చిలగడదుంపలు. వీటిని మార్ష్‌మాలోలు లేకుండా నెయ్యి, బెల్లం, యాలకుల పొడితో కాలుద్దామనుకుంటున్నాను. పన్నెండుంపావుకు టర్కీ గ్రిల్ మీదకు వెళుతుంది. ఒంటిగంటన్నరకు బంగాళదుంపలు, రెండుంపావుకు అన్నం. మూడింటికి విస్తళ్లు వేస్తాము. పచ్చడికి, పోపులకు బాబుకు సరిపడే నూనె ఏదో ఆడపడుచును అడిగి తెలుసుకున్నాను. మిక్సీకి కొత్త జారు కూడా తెచ్చాము.

పక్కింటివారు స్టఫింగ్ తెస్తామన్నారు. అందులో చికెన్ రసం ఉంటుందని వారే చెప్పారు కాబట్టి దాన్ని టర్కీ పక్కనే, చిన్న బల్ల మీద పెడతాము. బల్ల మీద ప్రతి గిన్నె ముందూ ఏముందో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టే పని మా అబ్బాయి తీసుకున్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. మిగిలిన టర్కీ ఎన్నాళ్లు ఉంచవచ్చు? మా అమ్మాయి ఆదివారం హాస్టల్‌కు తిరిగి వెళ్లేటప్పుడు కాస్త పచ్చడి, కాస్త టర్కీ కట్టి ఇవ్వాలనుకుంటున్నాను.

సమాధానం: ఎడిసన్ నివాసి (న్యూజెర్సీ)

గ్రిల్ ఆలోచన నాకూ నచ్చింది. మీ వాతావరణానికి అదే సరైనది.

టర్కీ బయటకు తీసిన రెండు గంటల లోపు, ఎముకల నుండి మాంసం విడదీసి, లోతు తక్కువగా ఉన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేయాలి. భోజనాలయ్యాక కబుర్లలో పడి అది బల్ల మీదే ఉండిపోతుంది, కాబట్టి ఆ పని ఎవరో ఒకరికి ముందే అప్పగించండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. అంటే ఆదివారం తీసుకువెళ్లినది అదే రోజు తినేయాలి. అందుకే అమ్మాయి కోసం గురువారం రాత్రే ఒక డబ్బా ఫ్రీజర్‌లో పెట్టి, ఆదివారం ఐస్‌ప్యాక్‌తో సహా కట్టి ఇవ్వండి. పచ్చడికి ఈ బెంగ లేదు, తడి చెంచా పెట్టకపోతే ఫ్రిజ్‌లో వారం పైగా నిలుస్తుంది.

మిగతా మాంసాన్ని శుక్రవారం వేపుడు చేయండి. ఇది కూడా గ్రిల్ పక్క బర్నర్ మీద, పెరట్లోనే చేసుకోవచ్చు. మాంసం ముందే ఉడికి ఉంది కనుక ఎక్కువసేపు వేయిస్తే పీచులా అవుతుంది. నూనెలో ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి పూర్తిగా వేగాక, చివర నాలుగు నిమిషాలు మాత్రమే టర్కీ ముక్కలు వేసి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ధనియాల పొడి చల్లి, నిమ్మరసం పిండి దించేయండి.